బేస్‌మెంట్‌లో న్యూయార్క్

పోయిన చలికాలం దాదాపు నాలుగు నెలలపాటు, వారానికి నాలుగైదు రాత్రులు, పదిన్నర దాటాక నేను న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒంటరిగా సైకిలు తొక్కాను. ఈ వాక్యం రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావటం లేదు. తెనాలిలో పెరిగి, ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటూ, రాత్రి తొమ్మిది దాటితే ఆటో నెంబరు ఎవరో ఒకరికి చెప్పకుండా ఎక్కని మనిషిని నేను. స్త్రీలూ బహిరంగ స్థలాలూ అన్న విషయం మీద తరగతుల్లో పాఠాలు చెప్తాను, సభల్లో మాట్లాడతాను. అయినా ఆ అలవాటు పోలేదు.

అసలు సంగతి ఏమిటంటే నేను సైకిలు తొక్కింది న్యూజెర్సీలో మా అక్కావాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో. అక్కకి గర్భసంచి తీసేసే ఆపరేషన్ అయితే సాయానికి వెళ్లాను. పగలంతా వంట, అక్క మందులు, బావగారి లంచ్ డబ్బా, మధ్యమధ్యలో నా రాతపని. రాత్రి గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్ది, పైన లైట్లు ఆర్పితే అప్పుడు నా టైము మొదలయ్యేది. (ఇన్ని యంత్రాలున్న వంటిల్లు కూడా ఆడమనిషిని పదిన్నర దాకా వదిలిపెట్టదు. అది ఇంకో వ్యాసం.)

ఆ యంత్రాన్ని అక్క కొడుకు కోసం 2020లో, కరోనా వచ్చి అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు కొన్నారట. ఇప్పుడతను వేరే ఊళ్లో కాలేజీలో ఉన్నాడు. సైకిలు వెనక చక్రం తీసేసి, గొలుసుని ఒక బరువైన దిమ్మెకి తగిలిస్తారు. దిమ్మెలో ఒక చక్రం, దాన్ని పట్టి ఆపే విద్యుదయస్కాంతం ఉంటాయి. ఎదురుగా టీవీ తెర మీద రోడ్డు కనిపిస్తుంది. రోడ్డు ఎత్తు ఎక్కుతుంటే అయస్కాంతం బిగుసుకుంటుంది, పెడలు బరువెక్కుతుంది. దిగుతుంటే వదులవుతుంది. తెర మీద మన బొమ్మ ఒకటి మన కాళ్లు కదిలినంత వేగంతో పోతుంటుంది. చుట్టూ వేరే దేశాల్లో, వేరే ఇళ్లలో అదే క్షణంలో తొక్కుతున్న వాళ్ల బొమ్మలు. పేరు పక్కన జెండా. అమెరికా నిద్రపోయే వేళకి జపాన్, ఆస్ట్రేలియా జెండాలు ఎక్కువ కనిపించేవి.

ఇలాంటి ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. నేను తొక్కిన దాని పేరు జ్విఫ్ట్. 2014లో మొదలైంది. లండన్, ప్యారిస్, న్యూయార్క్ నగరాల వీధుల్ని అందులో కట్టారు. న్యూయార్కుని 2018లో చేర్చారు. సెంట్రల్ పార్కు చుట్టూ నిజంగా ఉన్న దాదాపు పది కిలోమీటర్ల రోడ్డుని అనుసరించి ఒక దారి ఉంది. దాని పైన, చెట్ల కొమ్మల మీదుగా, గాజుతో కట్టిన వంతెన రోడ్లు కూడా ఉన్నాయి. ఇంకో వందేళ్లకి న్యూయార్క్ ఎలా ఉండొచ్చో ఊహించి కట్టారట. ఎగిరే కార్లు కూడా పెట్టారు. ఆ గాజు రోడ్డు ఎక్కేటప్పుడు ఊపిరాడేది కాదు. మా అక్క కూతురు నవ్వి ఒక రహస్యం చెప్పింది. మనం మార్చుకోకపోతే యంత్రం ఎత్తుని సగానికి తగ్గించే కాళ్లకి అందిస్తుందట. అంటే పది శాతం ఎత్తు తెర మీద కనిపిస్తే కాళ్లకి తెలిసేది అయిదు శాతమే. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఈ యంత్రాన్ని వెక్కిరించటం నా ఉద్దేశం కాదు. డబ్బున్న వాళ్ల ఆటవస్తువు అని ఒక్క మాటతో కొట్టిపారేయటం సులువు. ఖరీదుదే, నిజమే. మనదేశంలో ఇలాంటి దిమ్మె ఒకటి కొనాలంటే అంగన్‌వాడీ టీచరు నాలుగైదు నెలల జీతం పెట్టాలి, ఆపైన నెలనెలా చందా కట్టాలి. కానీ అది నాకేం ఇచ్చిందో దాచుకోకుండా చెప్పాలి.

నేను సైకిలు నేర్చుకుంది తెనాలిలో, అద్దె సైకిలు మీద, గంటకి అర్ధరూపాయి. సీటు అందక కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లం. మోకాళ్ల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. 1991లో, పన్నెండేళ్లకి పెద్దమనిషినయ్యాను. పదకొండు రోజుల తర్వాత బయటికి వచ్చేసరికి సైకిలు లేదు. ఎవరూ తిట్టలేదు, వద్దని కూడా అనలేదు. అద్దెకిచ్చే ఆయన నన్ను చూసి, “ఇంక నీకెందుకులేమ్మా, తమ్ముణ్ణి పంపించు” అన్నాడు. నా కంటే ముందే ఆయనకి తెలిసిపోయింది! ఆ రోజు నుంచి నా శరీరాన్ని ఎక్కడ పెట్టాలో, ఎంత చోటు తీసుకోవాలో, ఎంత వేగంగా కదలాలో నేను కాకుండా చూసేవాళ్లు నిర్ణయించటం మొదలైంది. ఈ మాట పుస్తకాల్లో చాలాసార్లు చదివాను, రాశాను కూడా. బేస్‌మెంట్‌లో మొదటివారం, గాజు రోడ్డు మీద రొప్పుతూ, జుట్టు మొహానికి అంటుకుపోయి, నైట్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నోరు తెరిచి గాలి పీలుస్తుంటే ఒక్కసారిగా తోచింది: నన్ను ఎవరూ చూడటం లేదు. ముప్ఫై అయిదేళ్ల తర్వాత నా ఒళ్లు ఎంత చోటు కావాలంటే అంత తీసుకుంటోంది. ఏడుపొచ్చింది. పైకి వెళ్తే అక్క నీళ్ల కోసం లేచి ఉంది. “ఏమేవ్, ఆ చెమటేంటి? ఈ రాత్రప్పుడు ఎక్కడికెళ్లొచ్చావు?” అంది. న్యూయార్క్ వెళ్లొచ్చానే అన్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రోడ్డు మీద స్త్రీలకి దక్కని సమానత్వం తెర మీద ముందే దక్కింది. 2020 జులైలో టూర్ డి ఫ్రాన్స్ వాయిదా పడినప్పుడు ఈ ప్రోగ్రాములోనే టూర్ జరిపారు. స్త్రీలకీ పురుషులకీ అవే దారులు, అంతే దూరం. అప్పటికి రోడ్డు మీద స్త్రీలకి చాలా ఏళ్లుగా ఆ టూరే లేదు. 2022లో మళ్లీ మొదలుపెట్టారు. ప్రాయోజకులు ఈ కంపెనీయే. ఆ ఏడాది మగవాళ్ల టూర్ 21 దశలైతే స్త్రీలది 8 దశలు. తెర మీద నడిచే ప్రపంచ పోటీలు 2020 డిసెంబరులో మొదలయ్యాయి. దక్షిణాఫ్రికాకి చెందిన యాష్లీ మూల్మన్ పాసియో గెలిచింది. 2022లో ఆ పోటీ నేను తొక్కిన ఈ సెంట్రల్ పార్కులోనే, ఈ గాజు రోడ్ల మీదే జరిగింది. స్త్రీలూ పురుషులూ ఒకే దారిలో, సుమారు 55 కిలోమీటర్లు తొక్కారు. మరి 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో రోడ్డు పందెం? మగవాళ్లకి 273 కిలోమీటర్లు, స్త్రీలకి 158. స్త్రీల కాళ్లకి బేస్‌మెంట్‌లో వచ్చిన బలం రోడ్డు మీదికి రాగానే ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాలేదు.

అయితే చూపు పోయింది అన్నానే, అది పూర్తిగా నిజం కాదు. తొక్కటం మొదలుపెట్టే ముందు నా బరువు, ఎత్తు రాయమంది. రాయక తప్పదు, ఎందుకంటే వేగాన్ని లెక్క కట్టేది వాటితోనే. కాళ్ల బలాన్ని వాట్లలో కొలిచి ఒంటి బరువుతో భాగిస్తారు. ఆ అంకె మన పేరు పక్కన నిలబడుతుంది, పక్కన తొక్కేవాళ్లకీ కనిపిస్తుంది. లెక్కల పరంగా ఇందులో తప్పు లేదు, బరువైన మనిషి ఎత్తు ఎక్కటానికి ఎక్కువ బలం కావాలి. కానీ బరువు గురించి ఆడపిల్లలకి మనం ఏమేం నేర్పించామో గుర్తుచేసుకుంటే ఆ అంకె వట్టి అంకెలా కనిపించదు. నేను మూడు కిలోలు తగ్గించి రాశాను. దేనికోసం తగ్గించానంటే జవాబు లేదు.

నేను రాయాలనుకున్న విషయం ఇదీ కాదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం భోజనాల దగ్గర జరిగిన సంగతి.

అక్క కూతురికి పదహారేళ్లు. ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో లైబ్రరీ ఉంది. చలి తగ్గాక శనివారాలు స్నేహితురాళ్లతో కలిసి సైకిలు మీద అక్కడికి వెళ్తానంది. బావగారు మంచి మనిషి. గొంతు పెంచి మాట్లాడే అలవాటు కూడా లేదు. “రోడ్డు మీద ఆ ట్రక్కులు చూశావా? నీకేం కావాలమ్మా, న్యూయార్కా, లండనా, ప్యారిసా? అన్నీ కిందే ఉన్నాయి కదా” అన్నారు.

“లైబ్రరీ లేదు నాన్నా కింద.”

“కావాల్సిన పుస్తకాలు నేను తెచ్చిపెడతాను. కారులో దింపమన్నా దింపుతాను.”

“అన్నయ్య నా వయసులో ఒక్కడే వెళ్లేవాడు. ఆ మెషీన్ వాడికి చలికాలం కోసం కొన్నారు. నాకు అన్ని కాలాలకీ అదేనా?”

దానికి బావగారు నా వైపు చూసి, “మీ పిన్ని కూడా రోజూ అదే తొక్కుతోంది. చదువుకున్న మనిషి, ఫెమినిస్టు. ఎంత సంతోషంగా ఉందో చూడు. సేఫ్‌గా ఉంటుంది, ఒంటికీ మంచిది” అన్నారు.

నేను నోరెత్తలేకపోయాను. నెలరోజులుగా ఆ యంత్రాన్ని ఆ టేబుల్ దగ్గరే పొగుడుతున్నది నేనే. అదే యంత్రం, అదే బేస్‌మెంట్. కొడుక్కి బయట తొక్కటం కోసం చేసే తయారీ, కూతురికి బయట తొక్కటానికి బదులు. తేడా యంత్రంలో లేదు. రోడ్డు ఎవరిది అన్న ప్రశ్నకి ఆ ఇంట్లో ముందే ఉన్న జవాబులో ఉంది. నాకు సంతోషం దొరికిందన్నది నిజం. ఆ సంతోషమే ఆ పిల్లకి సంకెల అవుతుందని నేననుకోలేదు. ఒక కాలంలో ఇంటికే వచ్చే టీచరు, ఇంటికే వచ్చే గాజులమ్మి, ఇంట్లోనే కుట్టుమిషను, తర్వాత ఇంట్లోనే కంప్యూటరు ఉద్యోగం. ప్రతిదీ స్త్రీలకి ఎంతో కొంత మేలు చేసింది. ప్రతిదాని వెనకా “ఇంక బయటికెందుకు?” అనే ప్రశ్న కూడా వచ్చింది. ఇప్పుడు వీధే ఇంట్లోకి వచ్చింది.

ఆ రాత్రి కిందికి వెళ్లి మళ్లీ పార్కు చుట్టూ తిరిగాను. ఈసారి ఉత్తరపు కొస దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఆ చోటు పేరు నేను ఎప్పుడో చదివాను. 1989 ఏప్రిల్ 19 రాత్రి ఆ పార్కు ఉత్తర భాగంలో, పరుగుకి వెళ్లిన 28 ఏళ్ల యువతి మీద అత్యాచారం జరిగింది. ఆమెని చచ్చిపోయిందనుకుని వదిలేశారు. పద్నాలుగు నుంచి పదహారేళ్ల మధ్య వయసున్న అయిదుగురు పిల్లల్ని పోలీసులు పట్టుకున్నారు. నలుగురు నల్లజాతి పిల్లలు, ఒకడు లాటినో. గంటల తరబడి ప్రశ్నించి ఒప్పుకోలు రాబట్టారు. మరణశిక్షని తిరిగి తేవాలంటూ ఆ నగరపు స్థిరాస్తి వ్యాపారి ఒకాయన పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలు వేయించాడు. ఆయనే తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. 1990లో ఆ అయిదుగురికీ శిక్షలు పడ్డాయి. 2002లో జైల్లో ఉన్న వేరే మనిషి ఆ పని చేసింది తానేనని ఒప్పుకున్నాడు. డి.ఎన్.ఏ. కూడా సరిపోయింది. శిక్షలు కొట్టేశారు. 2014లో నగరం 4 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. బాల్యం పోయింది కదా, అది ఎవరు ఇస్తారు? 2022 డిసెంబరులో పార్కు ఉత్తరాన, 110వ వీధి వైపు ఉన్న ఒక ద్వారానికి వాళ్ల గుర్తుగా పేరు పెట్టారు.

ఆ యువతికి జరిగిన హింస ఎంత నిజమో, ఆమె పేరు చెప్పి ఆ పిల్లలకి జరిగిన అన్యాయం కూడా అంతే నిజం. రెండోది మొదటిదాన్ని ఏమాత్రం తగ్గించలేదు. పైగా ఆ కేసు తర్వాత “చీకటిపడ్డాక పార్కుకి ఎందుకు వెళ్లింది?” అన్న ప్రశ్న కూడా మిగిలింది.

మనకి ఇది కొత్త కథ కాదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర, స్కూటరు టైరులో గాలి తీసేసి, ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేశారు. ఆ వారం హైదరాబాదులో మనలో ఎవరమూ సరిగా నిద్రపోలేదు. తర్వాత జరిగినవి గుర్తుచేసుకోండి. బయటికి వెళ్లే స్త్రీలు ఏమేం జాగ్రత్తలు పాటించాలో పోలీసులు జాబితా ఇచ్చారు. ఆర్టీసీలో స్త్రీలకి రాత్రి డ్యూటీలు వెయ్యవద్దని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. రోడ్ల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. సెంట్రల్ పార్కు కేసూ ఇదీ ఒకటి కావు. ఇక్కడ నేరం ఎవరు చేశారో విచారణలో తేలే అవకాశమే లేకుండా పోయింది. నేను చెప్పేది వేరు. రెండుచోట్లా స్త్రీ భద్రత పేరు మీద రెండు పనులు జరిగాయి. కిందివర్గాల కుర్రాళ్ల మీద రాజ్యం చెయ్యి లేచింది. స్త్రీల డ్యూటీలు, స్త్రీల రాత్రులు తగ్గిపోయాయి. రోడ్డు మీద లైట్లు, రాత్రిపూట బస్సులు, టోల్ గేటు దగ్గర నిలబడ్డ మనిషికి పలికే పోలీసు ఫోను, వీటి గురించి పట్టుబట్టింది ఎందరు?

తెర మీది సెంట్రల్ పార్కులో వీటిలో ఏదీ లేదు. నేరమూ లేదు, అన్యాయంగా పట్టుకెళ్లే పోలీసూ లేడు. భయాన్ని తీసెయ్యటానికి వాళ్లు కనుక్కున్న పద్ధతి ఏమిటంటే మనిషి పక్కన మనిషి లేకుండా చెయ్యటం. వందేళ్ల తర్వాతి న్యూయార్కుని ఊహించినప్పుడు రోడ్లని గాజుతో చేశారు, కార్లకి రెక్కలిచ్చారు. రాత్రి పదకొండుకి ఒక నల్లజాతి కుర్రాడూ ఒక ఒంటరి స్త్రీ ఒకే దారిలో ఒకరినొకరు అనుమానించకుండా నడిచిపోయే పార్కుని కట్టటానికి మాత్రం ఏ ప్రోగ్రామూ చాలదు. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై గురించి రాసిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో వాదించింది కూడా దీన్నే. స్త్రీలు అడగవలసింది భద్రత పేరుతో ఇచ్చే రక్షణని కాదు, పని ఉన్నా లేకపోయినా వీధిలో ఉండే హక్కుని, ఆ హక్కుతో పాటు వచ్చే ప్రమాదాన్ని తమంతట తామే ఎంచుకునే హక్కుని. భద్రత అడిగితే ఇల్లు చూపిస్తారు. ఆ పుస్తకాన్ని ఏటా విద్యార్థులతో చదివిస్తాను. బావగారి ముందు మాత్రం ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు!

నేను పన్నెండేళ్లకి సైకిలు దిగిన ఏడాదే, 1991లో, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో వేలమంది స్త్రీలు సైకిలు ఎక్కారు. అరివొళి అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించాలని అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ పట్టుబట్టారు. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసే స్త్రీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ అక్కడికి వెళ్లి రాసిన కథనంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చాలామంది ‘లేడీస్ సైకిలు’ వద్దని మగవాళ్ల సైకిలే కొనుక్కున్నారట. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య కడ్డీ ఉంటే దాని మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని! వాళ్లనీ చూసి నవ్వారు, పాటలు కట్టి ఎగతాళి చేశారు. కానీ ఒకే ఊళ్లో నలభైమంది ఒకేసారి ఎక్కితే ఎంతమందిని చూసి నవ్వుతారు? నీళ్లు తెచ్చుకున్నారు, బస్సు కోసం ఎదురుచూడటం మానేశారు, మొగుడి తీరిక కోసం ఎదురుచూడటం మానేశారు. అక్కడ భయం పోయింది వీధిని ఖాళీ చేసినందువల్ల కాదు, తమతో నింపినందువల్ల. మన దగ్గర 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. అందంగా ఉంది. కానీ ఇళ్లలో పనికి తెల్లవారుజామున నడిచిపోయే స్త్రీలకి అది దారి కాదు. సైకిలుని కారు వెనక కట్టుకుని వచ్చే వాళ్లకి అది దారి. దాన్ని చూసినప్పుడు నాకు మళ్లీ బేస్‌మెంటే గుర్తొస్తోంది.

ఏప్రిల్‌లో, తిరిగి వచ్చే ముందు, నేనూ అక్కా అక్క కూతురూ రైలెక్కి న్యూయార్క్ వెళ్లాం. పార్కు దగ్గర రెండు సైకిళ్లు అద్దెకి తీసుకున్నాం. గంటకి అర్ధరూపాయి కాదు! 2018 నుంచీ ఆ పార్కు రోడ్ల మీదికి కార్లు రావు. ముందు విగ్రహం చూడ్డానికి వెళ్లాం. 2020 ఆగస్టులో పెట్టారు. సొజర్నర్ ట్రూత్, సూసన్ బి. ఆంథొనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఒక బల్ల చుట్టూ ఉంటారు. అంత పెద్ద పార్కులో నిజంగా బతికిన స్త్రీలకి అదే మొదటి విగ్రహం. అంతకుముందు ఉన్న ఆడబొమ్మలు కథల్లోవాళ్లు, ఆలిస్ లాంటివాళ్లు. స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు లోకంలో ఇంకేదీ చెయ్యలేదన్న అర్థం వచ్చే మాట 1896లో విలేఖరి నెల్లీ బ్లైతో అన్నది ఈ ఆంథొనీయే. దానికి ఏడాది ముందు, 1895లో, మా అక్క ఉండే ఈ న్యూజెర్సీలోనే, ఆస్బరీ పార్కులో సైకిలు తొక్కేవాళ్ల జాతీయ సంఘం సమావేశం జరిగింది. బోస్టన్‌లో బట్టలు కుట్టుకుని బతికే కిట్టీ నాక్స్ అనే నల్లజాతి అమ్మాయి తన సభ్యత్వం కార్డు పట్టుకుని వచ్చింది. తెల్లవాళ్లకే సభ్యత్వం అని ఆ సంఘం 1894లో నియమం పెట్టుకుంది. ఆ నియమాన్ని బహిరంగంగా తప్పని ఒప్పుకోవటానికి 1999 దాకా పట్టింది. కాబట్టి సైకిలు ఎవర్ని విముక్తి చేసింది అని అడగాలి, ఎంత చేసింది అని మాత్రమే కాదు. ఇదంతా అక్క కూతురికి చెప్తుంటే, “పిన్నీ, ఎండ పోతుంది, తొక్కుదామా?” అంది.

నిజం పార్కులో గుర్రబ్బండ్ల వల్ల పేడ వాసన వస్తుంది. గాలి ఎదురుకొడుతుంది. వెనకనుంచి వేగంగా వచ్చేవాళ్లు “మీ ఎడమ పక్క!” అని అరుచుకుంటూ పోతారు. మొదటిసారి ఆ అరుపు వినగానే నేను బెదిరిపోయి రోడ్డు అంచుకి వచ్చేశాను, తెనాలిలో లారీ హారన్ విన్నట్టు. ఉత్తరాన హార్లెమ్ కొండ దగ్గర దిగి సైకిలుని నడిపించుకుంటూ ఎక్కాను. ఇక్కడ ఎత్తుని సగానికి తగ్గించేవాళ్లు ఎవరూ లేరు. బెంచీ మీద కూర్చున్న ఒక ముసలావిడ నన్ను చూసి నవ్వి ఏదో అంది. అర్థం కాలేదు కానీ నేనూ నవ్వాను. నాలుగు నెలల్లో తెర మీద నాకు బొటనవేళ్ల బొమ్మలు చాలానే వచ్చాయి. ఇలాంటి నవ్వు ఒక్కటీ రాలేదు. అక్క కూతురు అప్పటికే కొండ దాటి కనిపించకుండా పోయింది. కింద విగ్రహం దగ్గర కుట్లు పట్టుకుని కూర్చున్న అక్క రెండుసార్లు ఫోన్ చేసి, “అది కనిపిస్తోందా?” అని అడిగింది. మొదటిసారి కనిపిస్తోందని అబద్ధం చెప్పాను. రెండోసారి, “కనిపించటం లేదే, ముందుకెళ్లింది” అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సర్లే, నువ్వు మెల్లిగా రా” అంది.

బావగారితో మాట్లాడింది అక్కే, నేను కాదు. నేను బయల్దేరే ముందు రోజు ఆయన ఒక హెల్మెట్, సైకిలుకి ముందొకటీ వెనకొకటీ లైట్లూ కొనుక్కొచ్చారు. శనివారాలు మాత్రమే, లైబ్రరీకి మాత్రమే, చీకటి పడే లోపల. ఫోన్లో ఎక్కడుందో ఇంట్లో వాళ్లకి ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. ఆ చివరి షరతుకి అక్క కూతురు ఒప్పుకుంది. అన్నయ్య ఫోన్లో కూడా అదే పెట్టిస్తే తనూ పెడతానందట. కాలేజీకి మెసేజ్ వెళ్లింది. నేను ఈ వ్యాసం రాసేనాటికి అతని దగ్గరనుంచి జవాబు రాలేదు.